ఫోరస్ రోడ్డున పొగబండి పిచ్చాపాటి

చరిత్ర వ్రాయువారు సాధారణముగా కట్టడములను గూర్చియు, ఉద్యమములను గూర్చియు, పేరుగాంచిన పెద్దలను గూర్చియు వ్రాయుదురు. అది యుక్తమే. కాని ఒక జనసమూహము తన దేశమునకు దూరముగా తరతరములు నిలిచినదన్నచో, కేవలము చేసిన పనివలననే నిలిచినదని చెప్పుటకు వీలులేదు. పని ముగిసిన పిదప చాల్ వరండాలో చాప పరచుకొని చెప్పుకొన్న మాటలు కూడ దానిని నిలిపినవి. ఆ మాటలను మనవారు పిచ్చాపాటి యందురు. కొంచెము వేడుకగా లోకాభిరామాయణ మందురు. ఈ వ్యాసమున మేము చెప్పబూనినది ఆ పిచ్చాపాటిలో ఒక చిన్న శాఖను గూర్చి. ఆట రైలుబండ్లను ప్రేమించిన వారు చెప్పుకొన్న మాటలు, ఆ మాటలవలన కుదిరిన స్నేహములు దీనికి విషయము. ఇంత చిన్న విషయమా యని పాఠకులు నవ్వవచ్చును. కడవరకు చదివిన పిమ్మట నవ్వవలసినదిగా మనవి.

మొదట స్థలమును గూర్చి రెండు మాటలు. ముంబయి ఒకప్పుడు ద్వీపముల గుంపు. 18వ శతాబ్దపు చివర హారన్‌బీ వెల్లార్డ్ అను కట్ట సముద్రపు పోటును ఆపిన తరువాత, నడుమనున్న పల్లపు నేలలు మెల్లమెల్లగా ఆరి నివాసమునకు తగినవైనవి. అట్టి నేలలకు శిస్తు సంబంధమైన ఒక పోర్చుగీసు మాటనుండి ఫోరస్ అను పేరు వచ్చినది. ఆ పేరే రోడ్డునకు నిలిచినది. నేడు అధికారులు దానిని ఆర్.ఎస్. నిమ్కర్ మార్గమని వ్రాయుదురు గాని, మన ఇండ్లలో ఫోరస్ రోడ్డే. దాని ప్రక్కనే కామాఠిపురము. నిజాము రాజ్యపు తెలుగు జిల్లాలనుండి వచ్చి, రాయి మోసి, సున్నము కలిపి, ఈ నగరపు కట్టుబడి పనులు చేసిన వారిని ఇచ్చటివారు కామాఠులని పిలిచిరి. ఆ పిలుపే ఊరి పేరైనది.

రైలునకును మనవారికిని గల సంబంధము ఆటతో మొదలు కాలేదు. 1853 ఏప్రిల్ 16వ తేదీన బోరీబందరునుండి ఠాణాకు 21 మైళ్ళ దూరము మొదటి ప్రయాణికుల బండి నడిచినది. 14 పెట్టెలు, సుమారు 400 మంది అతిథులు, ముందు మూడు ఇంజన్లు. వాని పేర్లు సాహిబ్, సింధ్, సుల్తాన్. మా చిన్ననాట చాల్ పిల్లలకు పాండవుల పేర్లు తడబడినను ఈ మూడు పేర్లు తడబడెడివి కావు.

తరువాత వచ్చినది బోర్ ఘాటు. 1856లో మొదలై 1863లో ముగిసిన ఆ పని ఎంతటి ఘోరమైనదో నేడు చల్లని పెట్టెలో కూర్చుండి పూనాకు పోవువారు ఊహింపజాలరు. సుమారు 15 మైళ్ళలో దారి 1,831 అడుగులు పైకెక్కవలెను. 25 సొరంగములు తొలువవలెను. 1861 నాటికి అచ్చట 40,000 మందికి పైగా కూలివారు పనిచేయుచుండిరి. చీఫ్ ఇంజనీరు జేమ్స్ బర్క్‌లీ. గుత్తకు తీసుకొన్న సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో ఈ దేశమునకు వచ్చిన కొలది కాలమునకే మరణింపగా, ఆయన భార్య ఆలిస్ ఆ పనిని ముందునకు నడిపించినది. ఈ పేర్లు గ్రంథములలో నిలిచినవి. మా గల్లీ వృద్ధులు మాత్రము, "మా తాత తండ్రి ఘాట్ల రాయి కొట్టిండు" అని చెప్పెడివారు. ఆ మాటకు దస్తావేజు లేదు. వరండాలోని వినికిడియే దానికి దస్తావేజు. ఇంజనీరు పేరు పుస్తకమున నిలిచినది, రాయి కొట్టినవాని పేరు పిచ్చాపాటిలో నిలిచినది.

దారి వేసినవారికి బండి యెక్కు భాగ్యము వెంటనే కలుగలేదని కూడ గమనింపవలెను. ముంబయినుండి వచ్చిన దారి రాయచూరు వద్ద మద్రాసు దారితో కలిసినది 1871లో. వాడీనుండి సికిందరాబాదునకు నిజాము బండి నడిచినది 1874లో. అంతవరకు మనవారికి దిక్కు కాలినడకయో, ఎడ్లబండియో. అటుపిమ్మట సికిందరాబాదునుండి నిజామాబాదు, నాందేడు మీదుగా మన్మాడునకు మీటరు గేజి దారి పడినది. ఆ వైపు జిల్లాలవారు ఇంటికి పోవలెనన్నచో మన్మాడులో దిగి, మూటలు ముల్లెలు నెత్తిన పెట్టుకొని, పెద్ద లైను వదలి చిన్న లైను బండి యెక్కెడివారు. ఆ స్టేషనులో పక్కపక్కనే రెండు కొలతల పట్టాలను చూచి మా తరము పిల్లలు ఆశ్చర్యపడితిమి. కొలతను గూర్చిన వ్యసనము మాకు అచ్చటనే అంటుకొన్నదని చెప్పవచ్చును.

ఇక ఆట బండ్ల మాట. జర్మనీ దేశపు మార్క్‌లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతయందు కొలతలు నిర్ణయించిన పట్టాలతో ఆట బండ్లను ప్రదర్శించినది. అంతకుముందు ఒక్కొక్కరు ఒక్కొక్క కొలతతో చేయుచుండుటచే ఒకరి బండి మరియొకరి పట్టాలపై నడిచెడిది కాదు. లండనులో 1910లో మోడల్ రైల్వే క్లబ్బు స్థాపితమైనది. ఇంగ్లండులోని లివర్‌పూలు నివాసి ఫ్రాంక్ హారన్‌బీ 1920లో తాళపుచెవితో తిరుగు రేకు బండ్లను, 1938లో ఆయన కంపెనీవారు డబ్లో అను చిన్న కొలత బండ్లను వెలువరించిరి. ముంబయి కట్టను కట్టించిన గవర్నరు విలియమ్ హారన్‌బీ వేరు, బండ్ల హారన్‌బీ వేరు. అయినను మా మిత్రులలో, "ఒక హారన్‌బీ మనకు నేలనిచ్చె, ఇంకొక హారన్‌బీ దానిపై నడుపుకొనుటకు బండినిచ్చె" అను చమత్కారము ఎప్పుడును చెల్లుచుండెను. బండ్ల హారన్‌బీ పుట్టినది 1863లో. బోర్ ఘాటు తెరచినదియు ఆ యేటనే.

ఈ వస్తువులు ఫోరస్ రోడ్డునకు ఎట్లు చేరినవని అడుగవచ్చును. 1957లో విదేశ మారకద్రవ్యమునకు కొరత యేర్పడిన పిదప దిగుమతులపై ఆంక్షలు బిగిసినవి. ఆటవస్తువులు తెప్పించుకొనుట సామాన్యునకు అసాధ్యమైనది. ఆ ఆంక్షలు పూర్తిగా తొలగుటకు 2001వ సంవత్సరము రావలసివచ్చినది. ఆ నడిమి నలుబదియేండ్లు మా వంటివారికి చోర్ బజారే దిక్కు. ఏ దొరగారి పిల్లవాడో ఆడుకొని విడిచిన రేకు ఇంజను, తాళపుచెవి లేక, రంగు పోయి, ఇత్తడి దీపముల నడుమ, పాత గడియారముల క్రింద పడియుండెడిది. కరెంటుతో నడుచు బండ్లకు కావలసిన 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, తీగలు, స్విచ్చులు లేమింగ్టన్ రోడ్డున దొరికెడివి. రెండును మా గల్లీనుండి నడచిపోదగిన దూరమే. కామాఠిపురమున పుట్టుట ఈ ఒక్క విషయమున అదృష్టమని అనుకొనెడివారము.

దొరకనిది చేసికొనెడివారము. అగ్గిపుల్లలు పట్టాల క్రింది స్లీపర్లయ్యెను. సిగరెట్టు డబ్బా రేకు కత్తిరింపగా పెట్టె కప్పయ్యెను. పది అడుగుల చదరపు ఖోలీలో ఆరేడుగురు నిద్రించు ఇంట బండికి చోటెక్కడిది? నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల చెక్క పలకపై గుండ్రముగా పట్టాలు బిగించి, పగలు దానిని గోడకు ఆనించి, రాత్రి భోజనములైన పిదప వరండాలో దించెడివారము. పది గంటలకు పక్కలు పరచువేళకు మరల ఎత్తవలెను. ఈలోగా ఎవరైన నీళ్ళబిందెతో వచ్చినచో, "ఫాటకము తియ్యుండ్రి" అని కేక వేయగా, మేము బండి నాపి దారి యిచ్చెడివారము. దుమ్ము పడినచో కరెంటు అందక బండి నిలిచిపోవును. కిరసనాయిలు గుడ్డతో పట్టాలను తుడుచు పని చిన్నపిల్లలది.

ఈ పలక చుట్టు కూర్చున్నవారు ఎవరెవరు? రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు ఒకరు, మిల్లులో జాబరు ఒకరు, బీడీల దుకాణపు మామ ఒకరు, దర్జీ ఒకరు, గుమాస్తాలమైన మేము. వారి మాటలన్నియు ఒకే తీరుగా మొదలయ్యెడివి.

"ఏం మామా, ఊరి బండి ఎంత లేటు?"

"గంటన్నరనట."

"మన్మాడ్ల వాన గావచ్చు."

ఊరి బండి యెక్కువారు ఆ దినమున మాలో ఎవరును లేరు. దించుకొనవలసినవారును లేరు. అయినను ఆ ప్రశ్న అడుగకుండ సంభాషణ మొదలయ్యెడిది కాదు. అటుపైన డబ్ల్యూపీ ఇంజను ముక్కుపై నక్షత్రమునకు ఎన్ని కోణములు, దక్కన్ క్వీన్ 1930లో మొదలైనప్పుడు ఎన్ని పెట్టెలు, 1925లో మొదటి కరెంటు బండి కుర్లాకు పోయినపుడు జనము భయపడిరా సంతోషించిరా, ఇట్టి చర్చలు సాగెడివి. వీనివలన ఒకరికి ఒక పైసా లాభము లేదు.

అన్నింటిలో దీర్ఘాయువు గల చర్చ పట్టాల వెడల్పును గూర్చినది. లోకమంతట ప్రసిద్ధమైన హెచ్.ఓ. కొలతలో బండి అసలు బండికి 87వ వంతు. దాని పట్టాల నడుమ దూరము 16.5 మిల్లీమీటర్లు. అది ఐరోపావారి 1,435 మిల్లీమీటర్ల గేజికి సరిపోవును. మన పెద్ద లైను 1,676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగించినచో 19కి పైచిలుకు వచ్చును. కాబట్టి బజారు పట్టాలపై మన ఇంజనును నిలిపినచో కాళ్ళు దగ్గరకు పెట్టుకొని నిలుచున్న మల్లునివలె కనబడును. పట్టాలను మూడు మిల్లీమీటర్లు వెడల్పు చేయవలెనా, చూపునకు బాగుగనే యున్నదని ఊరకుండవలెనా? ఫిట్టరుగారు కొలత పక్షము, దర్జీగారు చూపు పక్షము. దర్జీగారు కొలతను కాదనుటయు, ఫిట్టరుగారు ఆయనకు కొలత నేర్పబోవుటయు చూచి నవ్వనివారు లేరు. పండ్రెండేండ్లు వాదించిరి. ఒకరు తప్పిపోయిన దినమున రెండవవారికి ఆ సాయంకాలము గడచెడిది కాదు.

ఈ పిచ్చాపాటికి ఎవరును వ్రాయని ఒక నియమము ఉండెను. జీతమెంత, కులమేది, ఇంటిలో ఎవరికి జబ్బు, ఇవి అడుగరాదు. తానై చెప్పినచో వినవలెను. ఆ నియమపు విలువ మాకు మా సొంత అనుభవమున తెలిసివచ్చినది కావున దానిని చెప్పెదము.

1970 దశకపు చివర చోర్ బజారులో ఒక రేకు ఇంజనుకై మేమును, గిర్‌గావ్‌కు చెందిన ఒక మరాఠీ పెద్దమనిషియు ఒకేమారు చేయి చాచితిమి. ఆయన గడియారములు బాగుచేయువారు. ఇంజనుకు తాళపుచెవి లేదు. "నీవు తీసికొనుము, తాళపుచెవి నేను చేసి యిచ్చెదను" అని ఆయన అనెను. నాటినుండి ఆదివారములు ఆయన దుకాణపు బల్ల యొద్ద మా మాటలు. ఆయనను కాకా యని పిలిచెడివారము. ఒకమారు ఆయన మాటవరుసకు మా నివాసమడిగెను. "ముంబయి సెంట్రల్ దగ్గర" అంటిమి.

మన పాఠకులకు ఈ జవాబు కొత్త కాదు. మా తరమున దానిని చెప్పనివారు అరుదు. అది అబద్ధము కాదు. 1930లో కట్టిన ఆ స్టేషను బండ్ల చప్పుడు రాత్రివేళ మా ఇంటికి వినబడును. కాని అది నిజమును కాదు. కామాఠిపుర మన్న పేరు వినగానే లోకమునకు తోచునది ఒక్కటే. అచ్చట వందల తెలుగు కుటుంబములు పిల్లలను చదివించుకొనుచు, బోనాలెత్తుకొనుచు, పెండ్లిండ్లు చేసికొనుచు బ్రతికినవని దానికి తెలియదు. ఉద్యోగపు దరఖాస్తులో, పెండ్లిచూపులలో ఆ పేరు చెప్పి మాట పడినవారు మనలో ఎందరో. మేమును ఆ భయముననే నాలుగేండ్లు గడపితిమి. కాకా మా పలకను చూడవలెనని అడిగినపుడెల్ల, అమ్మకు ఒంట్లో బాగులేదనియో, చుట్టములు వచ్చిరనియో చెప్పి తప్పించుకొంటిమి.

ఒకనాటి సాయంకాలము ఆయన మరల అడిగెను. ఇక అబద్ధము మిగులలేదు. "కాకా, మాది కామాఠిపురము. ఫోరస్ రోడ్డు వైపు గల్లీ" అని తల వంచుకొని చెప్పితిమి. ఆయన భూతద్దము కంటినుండి తీసి, కొంచెముసేపు మాటాడక, తరువాత అడిగెను:

"అక్కడి చాళ్ళ మెట్లు ఇరుకుగదా. నాలుగడుగుల పలకను పైకెట్లు చేర్చితివి?"

అంతియే. కిటికీగుండ తాడు కట్టి లాగితిమని చెప్పితిమి. ఏ కిటికీ, ఎంత తాడు, పలక ఏ చెక్క అని అరగంట అడిగెను. మరుసటి ఆదివారము నూనెబుడ్డి చేతబట్టుకొని ఫోరస్ రోడ్డు మీదుగా మా ఇంటికి వచ్చెను. మా తల్లి తెలుగు తప్ప ఎరుగదు. "కూసోండ్రి అన్నా" అని ముక్కాలి పీట జరిపి చాయ ఇచ్చినది. ఆయన మరాఠీలో ఆమెకు ఇంజనులోని స్ప్రింగును వర్ణించెను. ఆమె తెలుగులో వర్షములు పడలేదని చెప్పినది. ఇద్దరును సంతోషించిరి. ఆ రాత్రి దర్జీగారు, ఫిట్టరుగారు కాకాను మధ్యవర్తిగా కూర్చుండబెట్టి 19 మిల్లీమీటర్ల తగవు విన్నవించిరి. ఆయన తీర్పు చెప్పలేదు. తీర్పు చెప్పినచో ఆట ముగియునని ఆయనకు తెలియును.

మేము తరువాత చాలమారులు ఆలోచించితిమి. మొదటి దినముననే ఆయన మా చిరునామా అడిగి, మేము నిజము చెప్పియుండినచో ఏమగునో? బహుశః నమస్కారముతో ముగిసియుండును. చక్రములను గూర్చి నాలుగేండ్లు చెప్పుకొన్న పనికిరాని మాటలు స్నేహమునకు పునాదిరాళ్ళయినవి. చిరునామా బరువును మోయగల బలము ఆ స్నేహమునకు అప్పటికి వచ్చియుండెను.

ఇట్టి మాటలు లోకమునకును ఉపకరించిన సందర్భమొకటి కలదు. అమెరికాలోని ఎమ్.ఐ.టి. విద్యాలయమున 1946లో విద్యార్థులు ఆట రైలు క్లబ్బు నొకటి స్థాపించిరి. పలక క్రింద తీగలు, టెలిఫోను స్విచ్చులు అమర్చుచు వారు తమలో తాము వింత మాటలు కల్పించుకొనిరి. 1959లో ఆ సభ్యులలో ఒకరైన పీటర్ శామ్సన్ ఆ మాటలకు చిన్న నిఘంటువు కూర్చెను. అందు హ్యాక్ అను మాట కలదు. ఆ కుర్రవాండ్రే కంప్యూటరు యంత్రముల వైపు మరలగా, నేడు లోకమంతట వినబడు హ్యాకర్ అను పదము వారి పిచ్చాపాటినుండి వ్యాపించినది. వారి మాటలు బ్రతుకుటకు కారణము, వారిలో ఒకడు కూర్చుండి వ్రాసి పెట్టుటయే.

మనకు దగ్గరలో పూనా నగరమున, కర్వే రోడ్డు ప్రాంతమున, భావూసాహెబ్ జోషీగారు జీవితమంతయు కూర్చిన ఆట రైళ్ళు 1998లో ప్రదర్శనశాలగా తెరువబడినవి. సిగ్నళ్ళు, వంతెనలు, సర్కసు డేరా గల ఒక చిన్న పట్టణము నడుమ బండ్లు తిరుగును. మేము చూచితిమి. బండ్లు మనోహరముగ నున్నవి. కాని మమ్ము ఎక్కువగా ఆకర్షించినది, అద్దము వద్ద నిలిచి, "మా తాత ఇట్టి ఇంజనుపై బొగ్గు వేసినాడు" అని మనుమనికి చెప్పుచున్న ఒక అపరిచిత వృద్ధుడు. వస్తువును దాచుటకు శాల కలదు. ఆ వృద్ధుని మాటను దాచుటకు ఏది?

మన చాళ్ళలో పుట్టిన రైలు మాటలు కొన్ని ఇచ్చట ఉదాహరింతుము. దేశమున పట్టాలన్నదానిని మరాఠీ సాంగత్యమున మనవారు రూళ్ళనిరి. పెట్టె డబ్బా యయ్యెను. దారి మార్చు మనిషి కాంటావాలా. చక్రము పట్టా దిగినచో "బండి అలిగింది" అనెడివారు. ఆ మాట మా వరండాలో పుట్టినది. ఇంట అన్నము తినక మారాము చేయు పిల్లలకు కూడ అదియే వర్తించెను. నేడు మన మనుమలు ఇంగ్లీషున, హిందీలో చక్కగ మాటాడుదురు. తెలుగున పెట్టె యన్నను, చాల్ తెలుగున డబ్బా యన్నను వారికి ఒక్కటే. రెండును తాతల మాటలు. వారిని నిందింపరాదు. మనము వారితో పనిమాటలే మాటాడితిమి గాని పిచ్చాపాటి ఆడలేదు. పనిమాటకు ఏ భాషయైనను చాలును. భాష నిలుచునది పనిలేని మాటలలో.

ఇప్పుడు ఈ విషయము వ్రాయుటకు తొందర యేమన్నచో, కామాఠిపురపు పాత కట్టడములకు కాలము తీరినది. సుమారు 34 ఎకరముల ఈ పేటను మ్హాడా సంస్థ ద్వారా సామూహికముగా పునర్నిర్మించు పథకమును మహారాష్ట్ర ప్రభుత్వము చేపట్టినది. ఇరుకు మెట్లు, ఉమ్మడి నల్లాలు, కురియు కప్పులు పోవుట మంచిదే. వానిలో బ్రతికినవారెవ్వరును వానికై కన్నీరు కార్చరు. కాని క్రొత్త మేడలలో ప్రతి ఇంటికి తలుపుండును, అందరికి కలిపి వరండా యుండదు. పలక దించుటకు చోటు ఇంటిలోపలనే దొరకును, బిందెతో దాటిపోవువారు, "ఎంత లేటు మామా?" అని నిలుచువారు అచ్చట ఉండరు.

కావున మన సంఘపు సభ్యులకు ఒక్క మనవి. ఇండ్లలో ఎనుబదియేండ్లు దాటినవారు ఇంకను కొందరున్నారు. వారి యొద్దకు పోయి చరిత్ర చెప్పుమని అడుగవలదు. అడిగినచో, మాకేమి తెలియును నాయనా యని ఊరకుందురు. ఊరి బండిని గూర్చి అడుగుడు. మన్మాడులో ఏ ప్లాట్‌ఫారమున మారితిరి, మూటలో ఏమి తెచ్చితిరి, ఎవరు మీకు చోటిచ్చిరి అని అడుగుడు. ఘాటున రాయి కొట్టిన ముత్తాత పేరు ఆ మాటల నడుమ దానంతట అదియే బయటికి వచ్చును. వచ్చిన మాటను వచ్చినట్లే, వారి యాసతోనే, ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు.

కాకా కాలము చేసి చాల యేండ్లయినది. దర్జీగారును, ఫిట్టరుగారును లేరు; వారి తగవు ఇంకను తేలలేదు. ఆయన చేసి యిచ్చిన తాళపుచెవి మా యొద్ద నున్నది. స్ప్రింగు పాతబడినను ఇంజను గుండ్రముగా రెండు చుట్లు తిరుగును. మూడవ చుట్టున అలుగును. మొన్న మా మనుమడు దానిని చూచి, "తాతా, ఇది ఎంత లేటు?" అని తెలుగున అడిగెను. ఆ మాట వానికి ఎవరు నేర్పిరో మాకు తెలియదు. "గంటన్నర" అని జవాబు చెప్పితిమి.